తీగ అవతల ఉన్నది ఎవరు?

2016 డిసెంబర్ 12న ఆస్ట్రేలియా పన్నుల శాఖ ఆన్‌లైన్ సేవలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. వెబ్‌సైట్ పలకలేదు. జనం తరఫున లెక్కలు దాఖలు చేసే ట్యాక్స్ ఏజెంట్ల పోర్టల్ తెరుచుకోలేదు. రోజుల తరబడి శ్రమిస్తే గానీ సేవలు గాడిన పడలేదు. తీరా 2017 ఫిబ్రవరిలో మళ్లీ కుప్పకూలాయి. దీని వెనక హ్యాకర్లెవరూ లేరు. శాఖ మొత్తానికీ డేటా అందించే ఒక నిల్వ యంత్రానికి వెళ్లే ఆప్టికల్ ఫైబర్ తీగలు ఒత్తిడికి దెబ్బతినడం ప్రధాన కారణాల్లో ఒకటని ఆ తర్వాత శాఖ విడుదల చేసిన నివేదిక చెప్పింది. ఆ యంత్రంలో ఉన్న డిస్కులు సుమారు 800. విఫలమైనవి 12. ప్రభావం పడిన డేటా ఒక పెటాబైట్, అంటే దాదాపు పది లక్షల గిగాబైట్లు.

800లో 12 పోతే ఇంత నష్టమా అనిపిస్తుంది. ఇలాంటి యంత్రాల్లో ఒక ఫైలు ఒకే డిస్కులో ఉండదు. వేగం కోసం డేటాను చిన్న చిన్న ముక్కలు చేసి ఎన్నో డిస్కుల మీద పరుస్తారు. ఒకటో రెండో డిస్కులు పోతే, మిగిలిన ముక్కల నుంచి లెక్కగట్టి పోయినదాన్ని తిరిగి తయారు చేసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ హద్దు దాటిందంటే ఏ ఫైలు తీసినా అందులో ఎక్కడో ఒక ముక్క కొరవడుతుంది. అదే నివేదికలో మరో సంగతి ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పడిపోయిన వ్యవస్థను లేపడానికి వాడే పనిముట్లు కూడా ఆ పడిపోయిన యంత్రంలోనే ఉన్నాయి! ప్రమాదానికే తట్టుకోలేని ఏర్పాటు దాడికి ఎలా తట్టుకుంటుంది? నిల్వ భద్రత గురించిన ఈ అధ్యాయాన్ని దెబ్బతిన్న తీగతో మొదలుపెట్టింది అందుకే.

ఆ యంత్రాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న తీగలనూ, స్విచ్‌లనూ కలిపి స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా శాన్ అంటారు. ఒకప్పుడు ఏ సర్వర్ డిస్కులు ఆ సర్వర్ పెట్టెలోనే ఉండేవి. ఒకదానిలో చోటు ఖాళీగా పడి ఉంటే పక్కదానిలో ఊపిరాడేది కాదు. ఇంటికో బావి తవ్వుకోవడం మాని, ఊరంతటికీ ఒక చెరువు కట్టి, ఎవరి పొలానికి వారి తూము పెట్టినట్టుగా, డిస్కులన్నిటినీ ఒకచోట చేర్చి ఒక్కో సర్వర్‌కు కావలసినంత వాటా పంచే పద్ధతి 1990ల చివర్లో సంస్థల్లోకి వచ్చింది. ఆ వాటాను లన్ అంటారు. సర్వర్‌కు మాత్రం అది తన పెట్టెలో ఉన్న సొంత డిస్కులాగే కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి ఎక్స్‌రేలు, జీతాల లెక్కలు, ఈమెయిళ్లు, వందల వర్చువల్ యంత్రాలు అన్నీ చివరికి చేరేది అక్కడికే. హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడెక్కడి దేశాల సంస్థల శాన్‌లనో రాత్రి షిఫ్టుల్లో కాపలా కాసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అమీర్‌పేటలో స్టోరేజ్ కోర్సు చేసినవాళ్లకు లన్, జోనింగ్, మాస్కింగ్ అన్న మాటలు కొట్టిన పిండి. ఆ మాటల వెనక ఉన్న నమ్మకాల చరిత్ర మాత్రం పాఠాల్లో తక్కువగా వినిపిస్తుంది.

ఆ చరిత్ర స్కజీ అనే భాషతో మొదలవుతుంది. కంప్యూటర్, డిస్కు మాట్లాడుకునే ఈ భాష 1986లో అమెరికాలో ప్రమాణంగా స్థిరపడింది. అప్పట్లో ఆ సంభాషణ నడిచేది ఒకే పెట్టె లోపలో, పక్క పెట్టె దాకానో సాగే కొద్ది మీటర్ల తీగ మీద. ఫలానా సంఖ్య గల గడిని చదువు, ఫలానా గడిలో ఇది రాయి. ఆజ్ఞలు చాలావరకు ఈ తరహావే. ఆజ్ఞ ఇస్తున్నది ఎవరని డిస్కు అడగదు. అడగాల్సిన అవసరం అప్పుడు లేదు. తీగ అవతలి కొసన ఉన్నది ఆ కంప్యూటరే, ఇంకొకరు ఉండే వీలు లేదు. 1994లో ఫైబర్ ఛానెల్ ప్రమాణం వచ్చింది. అవే ఆజ్ఞలను కాంతి మీద ఎక్కించి కిలోమీటర్ల దూరం పంపే మార్గం దొరికింది. మధ్యలో స్విచ్‌లు చేరాయి, ఒక డిస్కు పెట్టెకు వందల సర్వర్లు తగులుకున్నాయి. తీగ మారింది, దూరం మారింది, జనాభా మారింది. తీగ అవతల ఎవరున్నా మనవాడే అన్న పాత నమ్మకం మాత్రం చెక్కుచెదరకుండా కొత్త ఇంటికి వచ్చేసింది. శాన్ భద్రతలోని చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

దీని తీవ్రత అర్థం కావాలంటే ఫైలుకూ గడికీ ఉన్న తేడా తెలియాలి. ఆఫీసు కంప్యూటర్‌లో జీతాల ఫైలును మీరు తెరవబోతే 'మీకు అనుమతి లేదు' అన్న సందేశం వస్తుంది. ఆ అనుమతుల పట్టీని చూసేదీ, అమలు చేసేదీ సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్. కింద ఉన్న శాన్‌కు ఫైలు అంటే ఏమిటో తెలియదు, వాడుకరి అంటే ఎవరో తెలియదు. దానికి తెలిసింది 512 బైట్లదో, 4096 బైట్లదో ఒక గడి, ఆ గడికో సంఖ్య. కనుక ఎవరైనా ఆ సర్వర్‌ను పక్కనబెట్టి నేరుగా లన్‌ను పట్టుకోగలిగితే పైన పెట్టిన పాస్‌వర్డులు, అనుమతులు, ఆడిట్ నమోదులు ఏవీ అడ్డురావు. గడులన్నీ వరుసగా చదువుకుని వెళ్లి, తీరిగ్గా తన కంప్యూటర్‌లో ఫైళ్లుగా పేర్చుకోవచ్చు. పై అంతస్తులో ఉన్న భద్రత అంతా కింది అంతస్తు నిజాయితీ మీద ఆధారపడి నిలబడింది.

దీనికి అడ్డుకట్టగా రెండు ఏర్పాట్లు వచ్చాయి. స్విచ్ దగ్గర చేసేది జోనింగ్: ఏ సర్వర్ ఏ నిల్వ పోర్టుతో మాట్లాడవచ్చో నిర్ణయించడం. నిల్వ యంత్రం దగ్గర చేసేది లన్ మాస్కింగ్: ఏ సర్వర్‌కు ఏ వాటా కనిపించాలో నిర్ణయించడం. మాస్కింగ్‌కు దొంగల భయం కన్నా ముందు ప్రమాదాల భయం ఉంది. విండోస్ ఎన్‌టీ రోజుల్లో ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తనకు కనిపించిన ప్రతి డిస్కూ తనదే అనుకుని దానిమీద తన గుర్తు రాసేసేది. పక్కనున్న యూనిక్స్ సర్వర్ డేటా అలా చెడిపోయేది. అందువల్ల కనిపించకుండా చేస్తే చాలనుకున్నారు. పొరపాటు చేసేవాడిని ఆపడానికి అది చాలు. కావాలని వచ్చేవాడిని ఆపడానికి చాలదు.

ఎందుకు చాలదో చూద్దాం. ఫైబర్ ఛానెల్‌లో ప్రతి కార్డుకూ వరల్డ్ వైడ్ నేమ్ అనే 64 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. తయారైనప్పుడే ఫ్యాక్టరీలో వేసిన సంఖ్య కదా, ఇక మారదు అనుకుంటాం. నిజానికి సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మార్చవచ్చు. పైగా వర్చువల్ యంత్రాలు వచ్చాక ఒకే కార్డు అనేక పేర్లతో పలకడం సక్రమమైన, ప్రమాణబద్ధమైన సౌకర్యమైంది. కాబట్టి ఈ సంఖ్య ఒక పిలుపు మాత్రమే, రుజువు కాదు. జోనింగ్, మాస్కింగ్ రెండూ ఆ పిలుపునే నమ్మితే, చొరబడిన ఒక చిన్న సర్వర్ తన పేరు మార్చుకుని డేటాబేస్ సర్వర్ వాటాను అడగగలదు. 2000ల మొదట్లో హిమాంశు ద్వివేది అనే భద్రతా పరిశోధకుడు ఇలాంటి లోపాలను బ్లాక్ హ్యాట్ సదస్సుల్లో వివరించాడు, 2005లో నిల్వ భద్రత మీద ఏకంగా పుస్తకమే రాశాడు. పేరును బట్టి కాక స్విచ్‌లోని భౌతిక పోర్టును బట్టి హద్దులు గీసి, వాటిని స్విచ్ చిప్పే అమలు చేసేలా పెడితే ఈ మారువేషం చాలావరకు సాగదు. కానీ కార్డు పాడై తీగను వేరే పోర్టుకు మార్చిన ప్రతిసారీ జాబితా దిద్దుకోవాలి. ఆ శ్రమకు వెరచి చాలాచోట్ల పేర్ల పద్ధతికే మొగ్గుతారు. సర్వర్, స్విచ్ ఒకదానికొకటి రహస్యాన్ని రుజువు చేసుకునే పద్ధతులు కూడా ఫైబర్ ఛానెల్ ప్రమాణాల్లోకి 2000లలోనే వచ్చాయి. ప్రమాణం ఉండటం వేరు, యంత్రగదిలో అది నడవడం వేరు.

ఇంతలో ఇంకో మార్పు వచ్చింది. ఫైబర్ ఛానెల్ ఖరీదు. మామూలు ఈథర్‌నెట్ తీగల మీదే స్కజీ ఆజ్ఞలను పంపే ఐస్కజీ 2004లో ఇంటర్నెట్ ప్రమాణమైంది. చిన్న సంస్థలకు కూడా శాన్ అందుబాటులోకి వచ్చింది, మంచిదే. కానీ ఇంతవరకు తాళం వేసిన గదిలో, ఎవరికీ తెలియని భాషలో సాగిన సంభాషణ అందరూ నడిచే దారి మీదికి వచ్చింది. 2019లో ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టిన ఒక పరిశోధకుడికి ఏ పాస్‌వర్డూ అడగకుండా తలుపు తీసే ఐస్కజీ నిల్వలు 13 వేలకు పైగా దొరికాయి. అసలు ఇంటర్నెట్ వైపు ముఖమే పెట్టకూడని యంత్రాలవి.

ఐస్కజీలో ఎదుటివారు ఎవరో తేల్చుకోవడానికి చాప్ అనే పద్ధతి ఉంది. ఇది చక్కని ఆలోచన. నిల్వ యంత్రం ఒక యాదృచ్ఛిక సంఖ్యను విసురుతుంది. సర్వర్ ఆ సంఖ్యనూ, తనకు తెలిసిన రహస్య పదాన్నీ కలిపి ఒక గణిత ప్రక్రియలో రుబ్బి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. నిల్వ యంత్రం కూడా అదే లెక్క వేసి చూసుకుంటుంది. రహస్య పదం తీగ మీద ప్రయాణించదు. అయితే దారిలో చెవి పెట్టినవాడికి ప్రశ్నా, జవాబూ రెండూ దొరుకుతాయి. ఇంటికి తీసుకువెళ్లి లక్షల పదాలను అదే లెక్కలో పెట్టి చూడవచ్చు. రహస్య పదం కంపెనీ పేరూ సంవత్సరమూ కలిపినదైతే ఎంతోసేపు పట్టదు. యాదృచ్ఛికంగా పుట్టించిన పొడవాటి పదమైతే దాదాపు అసాధ్యం. రెండో సంగతి: ఈ పరీక్ష లాగిన్ అప్పుడు జరిగేది. ఆ తర్వాత ప్రవహించే గడులన్నీ దారిలో ఉన్నవాడికి తేటతెల్లం. దారినే గుప్తీకరించే ఐపీసెక్‌ను ప్రమాణంలో పెట్టారు గానీ వేగం తగ్గుతుందని చాలామంది దాని జోలికి పోరు. కనీసం నిల్వకు వేరే నెట్‌వర్క్, ఉద్యోగుల కంప్యూటర్లకు వేరే నెట్‌వర్క్ అయినా ఉండి తీరాలి.

ఇంత చెప్పినా, నేటి దాడులను గమనిస్తే తీగల మీద దృష్టి పెట్టే దొంగలు తక్కువ. వాళ్లు నేరుగా అజమాయిషీ గదికి వెళతారు. ప్రతి శాన్‌కూ ఒక నిర్వహణ తెర ఉంటుంది. వాటాలు పంచడం, తీసేయడం, ప్రతులు చెరిపేయడం అన్నీ అక్కడే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి చిక్కితే జోనింగ్, మాస్కింగ్, చాప్ అన్నీ దొంగ ఆజ్ఞలకు లోబడి పనిచేస్తాయి. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకు జరిగింది ఇదే. వాళ్ల నిల్వ సొంత శాన్‌లో కాదు, అమెజాన్ క్లౌడ్‌లో ఉంది. సూత్రం మాత్రం ఒక్కటే. నిర్వహణ తెరలోకి చొరబడ్డవాడు డబ్బు డిమాండ్ చేశాడు. సంస్థ పాస్‌వర్డులు మార్చబోతే, ముందే సృష్టించి పెట్టుకున్న ఇతర ఖాతాలతో డిస్కులు, వాటి ప్రతులు, బ్యాకప్‌లు చాలావరకు తుడిచేశాడు. అన్నీ ఒకే తెర కింద ఉన్నాయి. ఆ సంస్థ మూతపడింది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ దాడి ఇంకో రకం. వర్చువల్ యంత్రాలను నడిపే వీఎమ్‌వేర్ సర్వర్లలో రెండేళ్ల ముందే మరమ్మతు విడుదలైన లోపం ద్వారా చొరబడి, నిల్వలో ఉన్న వర్చువల్ డిస్కులనే గుప్తీకరించడం మొదలుపెట్టింది. పది సర్వర్లు ఒకే శాన్ వాటాను పంచుకుంటూ వందల వర్చువల్ యంత్రాలను నడిపే చోట, ఒక్క సర్వర్ చేజారినా చాలు. శాన్ దృష్టిలో అక్కడ నేరమేమీ జరగలేదు. అనుమతి ఉన్న సర్వర్ తన వాటాలోని గడుల్లో ఏదో రాసుకుంటోంది, అంతే.

అంతేనా? గడి లోపల ఏముందో తెలియకపోయినా శాన్‌కు ఒకటి మాత్రం తెలుస్తుంది, దాని తీరు. మనుషుల డేటాలో పునరుక్తి ఎక్కువ. ఒకే లెటర్‌హెడ్ వేల ఉత్తరాల్లో ఉంటుంది, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ వందల వర్చువల్ డిస్కుల్లో ఉంటుంది. ఆధునిక నిల్వ యంత్రాలు ఆ పునరుక్తిని పట్టుకుని కుదించి దాస్తాయి. గుప్తీకరించిన డేటాలో పునరుక్తి ఉండదు. మంచి గుప్తలిపి ఫలితం యాదృచ్ఛిక బిట్ల గుట్టలా కనిపించాలి, దాని బలమే అది. 1948లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలవడానికి ఇచ్చిన ఎంట్రోపీ అనే కొలత ఇక్కడ కాపలా పని చేస్తుంది. నిన్నటిదాకా మూడో వంతుకు కుంచించుకుపోయిన వాటా ఇవాళ అర్ధరాత్రి నుంచి అసలు కుదింపుకు లొంగడం మానేసి, ప్రతుల పరిమాణం ఒక్కసారిగా ఉబ్బిపోతుంటే, అక్కడ డేటాను గుప్తీకరించి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ పని మొదలైందన్న అనుమానం రావాలి. నిల్వ యంత్రాల తయారీదారులు ఇప్పుడు ఈ హెచ్చరికను లోపలే అమరుస్తున్నారు. వీడియోలు, ముందే కుదించిన ఫైళ్లు కూడా యాదృచ్ఛికంగానే కనిపిస్తాయి కనుక అబద్ధపు గంటలు మోగుతాయి. అయినా, ఎవరెవరని అడగడం చేతకాని ఈ కింది అంతస్తుకు ఏం జరుగుతోందని అడగడం నేర్పడం నాకు చాలా ఆశ కలిగించే మలుపు.

గంట మోగాక ఏం చేయాలి? ఇక్కడ చాలా సంస్థలు అద్దాన్ని చూసి ధీమా పడతాయి. డేటా రాసిన క్షణంలోనే దూరంగా ఉన్న రెండో కేంద్రంలో కూడా రాసే ఏర్పాటును మిర్రరింగ్ అంటారు. భూకంపం, అగ్నిప్రమాదం వస్తే అది ప్రాణదాత. కానీ అది మంచి రాతనూ, చెడు రాతనూ ఒకే శ్రద్ధతో అటు చేరవేస్తుంది. 2010 ఆగస్టు 25న అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వ శాన్‌లో ఒక మెమొరీ బోర్డు లోపంతో మొదలైన వైఫల్యం 26 ప్రభుత్వ విభాగాలను తాకింది. డ్రైవింగ్ లైసెన్సుల జారీ వారం దాకా నిలిచిపోయింది. చెడిపోయిన డేటాను చివరికి మాగ్నెటిక్ టేపుల నుంచి తిరిగి ఎక్కించాల్సి వచ్చింది. అందరూ పాతబడిపోయిందనుకునే టేపు, డ్రైవ్ నుంచి బయటికి తీశాక ఏ తీగకూ తగులుకుని ఉండదు. దాని భద్రత అంతా అందులోనే ఉంది.

మన దేశంలో 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన దాడి కూడా ఇదే చెబుతుంది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు గుప్తీకరించారు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే చొరబాటుకు దారిచ్చిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా అన్నీ చేతిరాతలోకి వెళ్లాయి. దూరాల నుంచి రోగులు వచ్చి నిలబడే ఆసుపత్రిలో ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది.

అలా మిగిలే ప్రతిని అదృష్టానికి వదలకుండా తయారు చేయడం ఇప్పుడు సాధ్యమే. నిల్వ యంత్రం తీసే స్నాప్‌షాట్‌లకు, అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టి ఉంచే ప్రతులకు, గడువు తాళం వేయవచ్చు. ముప్పై రోజుల దాకా అడ్మిన్ సైతం చెరపలేడని యంత్రానికే చెప్పవచ్చు. తెలివైన దొంగ తాళం జోలికి పోడు, గడియారాన్ని ముందుకు తిప్పుతాడు. నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే యంత్రానికి దొంగ సమయం అందిస్తే ముప్పై రోజులు ఒక్క నిమిషంలో గడిచిపోతాయి. అందుకే మంచి యంత్రాలు ఎవరూ మార్చలేని లోపలి గడియారాన్ని ఒకటి పెట్టుకుంటాయి. చెరిపివేత వంటి ఆజ్ఞలకు ఇద్దరు వేర్వేరు మనుషులు ఒప్పుకోవాలన్న నియమం ఇంకో రక్షణ. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 అక్టోబర్‌లో తెచ్చిన నిల్వ భద్రత మార్గదర్శకాలు బ్యాకప్‌లను అసలు వ్యవస్థ నుంచి వేరుగా ఉంచాలనీ, తిరిగి ఎక్కించి చూస్తూ ఉండాలనీ గట్టిగా చెబుతాయి. నిల్వకే ప్రత్యేకించిన ఈ మార్గదర్శకం ఫైబర్ ఛానెల్ పుట్టిన పాతికేళ్లకు వచ్చిందన్నది గమనించాలి.

ఇక గుప్తీకరణ. 'మా డిస్కులన్నీ గుప్తీకరించాం' అని చెప్పే సంస్థ దేని నుంచి రక్షణ పొందిందో స్పష్టంగా తెలుసుకోవాలి. డిస్కులోనే జరిగే గుప్తీకరణ, ఆ డిస్కు పెట్టె నుంచి బయటికి పోయినప్పుడు కాపాడుతుంది. నడుస్తున్న శాన్‌లో అనుమతి ఉన్న సర్వర్ అడిగితే తాళం తీసిన డేటానే ఇస్తుంది. ఆ సర్వర్ దొంగ చేతిలో ఉంటే దొంగకూ అదే ఇస్తుంది. తాళంచెవులు భద్రపరిచే సర్వర్‌ను అదే గుప్తీకరించిన శాన్ మీద వర్చువల్ యంత్రంగా పెట్టే ఏర్పాటు మరీ ప్రమాదకరం. కరెంటు పోయి అన్నీ ఆగి మళ్లీ లేచినప్పుడు చెవి కోసం డిస్కు, డిస్కు కోసం చెవి ఎదురు చూస్తూ ఉండిపోతాయి.

డిస్కులకు వయసైపోతుంది. నాలుగైదేళ్లకోసారి శాన్ మారుతుంది, పాతవి బయటికి వెళతాయి. ఫైళ్లు చెరిపేస్తే పోయేది విషయసూచికే, గడుల్లో రాత అలాగే ఉంటుంది. మొదటి రోజు నుంచి గుప్తీకరించి ఉంటే తాళంచెవిని నాశనం చేయగానే డిస్కు అంతా అర్థం లేని బిట్ల కుప్పవుతుంది, క్షణాల్లో పని అయిపోతుంది. లేదంటే ప్రతి గడినీ తుడవాలి, లేదా డిస్కును తుక్కు చేయాలి. మోర్గన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థ తన డేటా కేంద్రాల పాత పరికరాలను వదిలించుకునే పనిని, డేటా నాశనంలో ఏ అనుభవమూ లేని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. కొన్ని పరికరాలు ఖాతాదారుల వివరాలతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. సుమారు కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారాన్ని కాపాడటంలో విఫలమైందంటూ 2022 సెప్టెంబర్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దేశంలో 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి నిర్లక్ష్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. అమెరికా కమిషన్ ఉత్తర్వులో ఇంకొకటి ఉంది. బ్రాంచీల నుంచి తీసేసిన సర్వర్లలో 42 ఏమయ్యాయో తెలియలేదు. ఆ తరహా పరికరాల్లో గుప్తీకరణ సౌకర్యం ఉన్నా, సంస్థ ఏళ్ల తరబడి దాన్ని ఆన్ చేయలేదు.